మత్తు ఎటు పోయింది?

పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన పక్కింటి పిన్నిగారిని చూడటానికి వెళ్ళాను. కోత సంగతి ఆవిడ రెండు మాటల్లో తేల్చేసింది. మత్తు గురించి మాత్రం అరగంట చెప్పింది.

"సెలైన్ పెట్టిన సూదిలోంచే తెల్లగా పాలలాంటి మందేదో ఎక్కించారయ్యా. చెయ్యి కాస్త మండింది. 'అమ్మా, మీదే ఊరు?' అని అడిగాడు మత్తు డాక్టరు. చెప్పానో లేదో తెలీదు. కళ్ళు తెరిచేసరికి 'అయిపోయిందమ్మా' అంటున్నారు. మధ్యలో గంటన్నర ఏమైందో!" కాసేపు ఆగి అసలు ప్రశ్నలు బయటికి తీసింది. "సిరంజిలో చూశాగా, రెండు మూడు చెంచాల మందు. దానికే అంతసేపు ఎలా పడి ఉన్నాను? సరిగ్గా కుట్లు వేయడం పూర్తయ్యాకే ఎలా లేచాను? ఇంతకీ ఆ మందంతా ఎటు పోయింది?"

పిన్నిగారి చివరి ప్రశ్న అన్నిటికన్నా మంచిది. దానికి జవాబు దొరికితే మొదటి రెండు ముళ్ళూ వాటంతటవే విడిపోతాయి. కాబట్టి ఆ తెల్లటి మందు వెంటే నడుద్దాం.

నీళ్ళలో కరగని మందు

ఆ మందు పేరు ప్రోపోఫాల్. ఇవాళ నరంలోకి ఇచ్చే మత్తుమందుల్లో ఎక్కువగా వాడేది ఇదే. దీన్ని కనిపెట్టిన జాన్ గ్లెన్ పశువుల డాక్టరు, స్కాట్లాండ్ వాడు. బ్రిటన్‌లోని ఐసీఐ అనే రసాయనాల కంపెనీలో పనిచేస్తూ 1970ల్లో దీని పని మొదలుపెట్టాడు. మందు బాగానే పనిచేసింది, చిక్కల్లా ఒక్కటే. అది నీళ్ళలో కరగదు. కరిగించడానికి మొదట కలిపిన ద్రావకం కొందరు రోగులకు పడలేదు. దాంతో పని మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి సోయా నూనెలో మందు కలిపి, గుడ్డు సొన నుంచి తీసిన లెసిథిన్ సాయంతో ఆ నూనెను సన్నటి బిందువులుగా నీళ్ళలో నిలిపారు. 1986లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది ఈ రూపమే. 2018లో గ్లెన్‌కు ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ పురస్కారం దక్కింది.

పాలు తెల్లగా ఎందుకుంటాయో ఈ మందు తెల్లగా ఉండేదీ అందుకే. నీళ్ళలో తేలే కొవ్వు బిందువులు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. పాలు విరిగినట్టే దీనికీ సూక్ష్మజీవుల బెడద ఉంది. అందుకే మూత తీసిన సీసాను కొద్ది గంటల్లోనే వాడెయ్యాలి, మిగిలితే పారబోయాలి.

నూనెలో మాత్రమే కరిగే ఈ గుణం తయారుచేసేవాళ్ళకు తలనొప్పి అయితే, మత్తుకు అదే అసలు బలం. మెదడులోని సన్నటి రక్తనాళాల గోడలు చాలా బిగువుగా అల్లిన దడిలాంటివి. రక్తంలో తిరిగే ప్రతి వస్తువునూ అవి లోపలికి రానివ్వవు. అయితే ఆ గోడల కణాల పైపొర కొవ్వుతో చేసింది. కొవ్వులో కరిగే మందుకు అక్కడ తలుపు తట్టే పని లేదు, గోడలోంచే ఇంకి లోపలికి పోతుంది.

ఎగువ మడికి ముందు నీళ్ళు

చేతి నరంలోకి ఎక్కిన మందు ముందు గుండె కుడివైపుకు చేరుతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, తిరిగి గుండె ఎడమవైపుకు, అక్కడి నుంచి పెద్ద ధమనిలోకి. ఈ ప్రయాణమంతా కలిపి సుమారు అర నిమిషం. పిన్నిగారు ఊరిపేరు చెప్పలేకపోయింది అందుకే.

ఇక్కడి నుంచి మందు పంపకం అర్థం కావాలంటే మన డెల్టాలో పంట కాలువను తలుచుకుంటే చాలు. తూము ఎత్తగానే అన్ని పొలాలకూ నీళ్ళు ఒకేసారి రావు. తూము పక్కనున్న ఎగువ మడులు ముందు నిండుతాయి. తరవాత నడిమి పొలాలు. శివారు పొలాలకు నీరు చేరేసరికి రైతు కళ్ళు కాయలు కాస్తాయి.

ఒంట్లోనూ ఇదే వరస. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా, ఆ రక్తంలో దాదాపు 15 శాతం దానికే వెళుతుంది. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాలు, వీటన్నిటి బరువూ కలిపితే ఒంట్లో పదో వంతు. వీటి వాటా మాత్రం రక్తంలో నాలుగింట మూడు వంతులు. ఇవి ఎగువ మడులు. ఒంటి బరువులో సగానికి దగ్గరగా ఉండే కండలకు, మనిషి కదలకుండా పడుకున్నప్పుడు అయిదో వంతు రక్తమైనా అందదు. అవి నడిమి పొలాలు. కొవ్వుకు అందేది మరీ కొద్ది. అది శివారు భూమి. పైగా నూనె మందును ఎంతైనా పీల్చుకునే ఇసుక నేల.

అరవై కిలోల మనిషికి మొదటి మోతాదుగా ఇచ్చే ప్రోపోఫాల్ రమారమి 120 మిల్లీగ్రాములు. అంటే 12 మిల్లీలీటర్లు, పిన్నిగారు చూసిన రెండు మూడు చెంచాలు. ఒళ్ళంతా సమంగా పరుచుకుంటే ఆ కాస్త మందు ఎవరినీ మత్తులో ముంచలేదు. కానీ మొదటి నిమిషంలో అది ఒళ్ళంతా లేదు. ఎగువ మడిలోనే ఉంది.

తలుపుకు అడ్డం పెట్టిన రాయి

మెదడులోకి చేరాక మందు ఏం చేస్తుంది? మెదడు కణాలు ఒకదానితో ఒకటి ఎడతెగకుండా కబుర్లాడుకుంటాయి. కొన్ని కబుర్లు 'కానివ్వు' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. ఆగమని చెప్పే ముఖ్యమైన రసాయనాన్ని గాబా అంటారు. గాబా వచ్చి తాకినప్పుడు కణం గోడలో ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి ఉప్పులో ఉండే క్లోరైడ్ రేణువులు లోపలికి వస్తాయి. వాటికి ఋణ విద్యుత్తు ఉంటుంది కాబట్టి కణం ఉద్రేకం చల్లారుతుంది. వెంటనే తలుపు మూసుకుంటుంది.

గాలికి మూసుకుపోతుందని ఇంట్లో తలుపుకు అడ్డంగా రాయి పెడతాం కదా, ప్రోపోఫాల్ చేసే పని అచ్చంగా అదే. ఆ చిన్న తలుపు పక్కన చేరి దాన్ని మూసుకోనివ్వదు. క్లోరైడ్ ఇంకా ఇంకా లోపలికి పోతుంది. కణం నోరు మెదపదు. అంతకు ముందు వాడిన థయోపెంటాల్, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇచ్చే ఎటోమిడేట్ కూడా ఇదే తలుపు దగ్గర కూచునేవే.

కెటమిన్‌ది వేరే దారి. 1962లో అమెరికాలో తయారైన ఈ మందు 'ఆగు' కబురును పెంచదు, 'కానివ్వు' కబురు వచ్చే గుమ్మానికి బిరడా బిగిస్తుంది. అందుకే కెటమిన్ ఇచ్చిన మనిషి తీరే వేరు. కళ్ళు తెరిచే ఉండవచ్చు, ఊపిరి బాగానే ఆడుతుంది, బీపీ పడిపోదు, పైగా నొప్పి కూడా తెలియదు. మనిషి మాత్రం అక్కడ ఉండడు.

దీన్నంతా మనం నిద్ర అని పిలుస్తాం గానీ ఇది నిద్ర కాదు. నిద్రపోయేవాణ్ణి భుజం పట్టి కుదిపితే లేస్తాడు. మత్తులో ఉన్నవాడు కత్తి తగిలినా లేవడు. మెదడు తరంగాలు చూస్తే, మెదడు ఆగిపోయి కనిపించదు. పెద్ద పెద్ద భాగాలు నెమ్మదిగా ఒకే పాట పాడుతుంటాయి, ఒకదాని మాట ఒకటి వినదు. సంతలో అందరూ మాట్లాడుకుంటుంటేనే బేరం సాగుతుంది. అందరూ కలిసి ఒకే కేక పెడితే బేరం ఆగిపోతుంది. మెదడులో ఆ బేరం పేరే తెలివి.

మెలకువ వచ్చింది, మందు పోలేదు

ఇప్పుడు అసలు వింత. ఆ మొదటి మోతాదు ఇచ్చి ఊరుకుంటే మనిషి అయిదు పది నిమిషాల్లో కళ్ళు తెరుస్తాడు. అంత త్వరగా మందు ఎలా విరిగిపోయింది?

ఈ ప్రశ్న డాక్టర్లను పాతికేళ్ళకు పైగా పక్కదారి పట్టించింది. 1934లో అమెరికాలో రాల్ఫ్ వాటర్స్, జాన్ లండీ విడివిడిగా థయోపెంటాల్‌ను మనుషులకు వాడటం మొదలుపెట్టారు. అదీ నిమిషాల్లోనే తేలిపోయేది. కాలేయం దాన్ని గబగబా విరిచేస్తోందని అందరూ అనుకున్నారు. 1950లో బెర్నార్డ్ బ్రోడీ బృందం రక్తంలో మందును కొలిచి చూస్తే లెక్క తప్పింది. కాలేయం ఆ మందును చాలా తాపీగా విరుస్తోంది. మనిషి లేచి కూర్చునే వేళకు ఇచ్చిన మందులో చాలా భాగం ఒంట్లోనే భద్రంగా ఉంది. మరి ఎక్కడ? కొవ్వులోకి పోయిందని కొన్నాళ్ళు అనుకున్నారు. 1960లో హెన్రీ ప్రైస్ లెక్కలు వేసి చూపాడు. కొవ్వుకు చేరే రక్తం మరీ తక్కువ, అంత త్వరగా అంత మందును అది తీసుకోలేదు. తీసుకున్నవి ముఖ్యంగా కండలు.

కాలువ భాషలో చెప్పాలంటే ఎగువ మడి నిండింది, ఆ తరవాత గట్టు మీదుగా నీరు నడిమి పొలాల్లోకి జారిపోయింది. నీరు ఆవిరైపోలేదు, మడి మారింది. మెదడులో మందు పలచబడింది, తలుపులకు అడ్డం పెట్టిన రాళ్ళు తొలగాయి, మనిషి లేచాడు. దీనికి 'తిరుగు పంపకం' అని పేరు పెట్టుకుందాం. వైద్యులు రీడిస్ట్రిబ్యూషన్ అంటారు. పిన్నిగారి చివరి ప్రశ్నకు సగం జవాబు ఇదే. మందు బయటికి పోలేదు పిన్నీ, తలలోంచి తొడల్లోకి దిగింది.

పొలాలన్నీ నిండాక

మందు అయిదు పది నిమిషాల్లో తలలోంచి దిగిపోతే, గంటన్నర ఆపరేషన్ ఎలా జరిగింది? మొదటి మోతాదు తలుపు తెరవడానికే. ఆ తరవాత మత్తును నిలబెట్టడానికి ఊపిరి ద్వారా మత్తు వాయువునైనా ఇస్తారు, లేదా సిరంజి పంపుతో ప్రోపోఫాల్‌నే సన్నటి ధారగా ఎక్కిస్తూ ఉంటారు.

ధార కట్టాక కథ మారుతుంది. నడిమి పొలాలు నిండుతున్నకొద్దీ ఎగువ మడి నుంచి నీరు జారడం తగ్గుతుంది. అన్నీ నిండాక జారడానికి చోటే ఉండదు. ఇక ఖాళీ కావాలంటే మురుగు కాలువే గతి. ఒంట్లో ఆ మురుగు కాలువ ముఖ్యంగా కాలేయం. అది మందుకు ఒక చక్కెరలాంటి అణువును తగిలించి, నీళ్ళలో కరిగేట్టు చేసి, మూత్రంలోకి పంపేస్తుంది.

మురుగు కాలువ సన్నగా ఉంటే? థయోపెంటాల్‌తో వచ్చిన ఇబ్బంది అదే. ఒక మోతాదుకు నిమిషాల్లో లేచే మనిషి, గంటల తరబడి ఎక్కిస్తే ఆపాక కూడా గంటలకొద్దీ మగతగా పడి ఉండేవాడు. ప్రోపోఫాల్‌ను కాలేయం ఎన్నో రెట్లు జోరుగా వదిలించుకుంటుంది. ఎంత జోరుగా అంటే, కాలేయానికి చేరే రక్తమంతా శుభ్రమైనా ఆ లెక్కకు సరిపోదు. అంటే ఇంకెవరో సాయపడుతున్నారు. కాలేయ మార్పిడిలో పాత కాలేయం తీసేసి కొత్తది ఇంకా అతకని సమయంలో కూడా ప్రోపోఫాల్ విరుగుతూనే ఉంటుందని తేలింది. ఆ పనిలో మూత్రపిండాలకూ వాటా ఉంది.

కాబట్టి ఒక మందు ఎంతసేపు పనిచేస్తుందని అడిగితే సరిపోదు, ఎంతసేపు ఎక్కించాక అని కూడా అడగాలి. 1992లో ఈ ఆలోచనకు ఒక కొలత దొరికింది. ధార ఆపాక రక్తంలో మందు సగానికి పడిపోవడానికి పట్టే కాలం అది. ప్రోపోఫాల్‌ను ఎనిమిది గంటలు ఎక్కించి ఆపినా 40 నిమిషాల లోపే సగమవుతుంది. నొప్పికిచ్చే ఫెంటానిల్‌ను అన్ని గంటలు ఎక్కిస్తే సగమవడానికి నాలుగు గంటల పైనే పడుతుంది. రెమిఫెంటానిల్ అనే మరో నొప్పిమందుకు మురుగు కాలువతో పనే లేదు. రక్తంలోనూ కండల్లోనూ ఉండే ఎంజైములే దాన్ని ఎక్కడికక్కడ కత్తిరించేస్తాయి. ఎంతసేపు ఎక్కించినా మూడు నాలుగు నిమిషాల్లో సగం.

ఈ లెక్కలన్నీ తలలో పెట్టుకుని చేత్తో ధార సర్దడం కష్టం. 1996 నుంచి ఆ పని చేసే కంప్యూటర్ పంపులు వచ్చాయి. వయసు, బరువు చెబితే, మెదడులో ఇంత మందు నిలవాలంటే ఈ క్షణంలో ఎంత పోయాలో అవే లెక్కేస్తాయి. మొదట జోరుగా, పొలాలు నిండేకొద్దీ నెమ్మదిగా. కుట్లు పడేవేళ చూసి మత్తు డాక్టరు తూము దించుతాడు. పిన్నిగారు సరిగ్గా అప్పుడే లేవడం యాదృచ్ఛికం కాదు.

మనిషికి తెలియదు, ఒంటికి తెలుసు

ఇంతసేపూ ఒళ్ళు మందును ఏం చేస్తుందో చూశాం. మందు ఒంటిని ఏం చేస్తుందో చూడాలి. మెదడును ఊరుకోబెట్టిన మందు మెదడుతోనే ఆగదు. రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. గొంతు కండరాలు జారతాయి, నాలుక వెనక్కి పడుతుంది, ఊపిరి చాలాసార్లు కాసేపు ఆగిపోతుంది కూడా. అందుకే మందు ఎక్కించకముందే ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెడతారు. నిజానికి మత్తు డాక్టరు నైపుణ్యమంతా ఆ తరవాతి రెండు నిమిషాల్లో ఉంది.

మత్తు ఇచ్చేవాడి కళ్ళు ఊపిరి మీదే ఉండాలన్న పాఠానికి మన హైదరాబాద్‌తో పాత బంధం ఉంది. 1888, 1889ల్లో నిజాం ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు పూనికతో క్లోరోఫాం అనే మత్తుమందు మీద రెండు కమిషన్లు అక్కడే ప్రయోగాలు చేశాయి. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదని వాళ్ళు తేల్చింది తప్పని తరవాత రుజువైంది. ఊపిరి కనిపెట్టి ఉండమన్న మాట మాత్రం నిలిచింది.

గొంతు కాపలా కూడా నిద్రపోతుంది. మామూలుగా పొలమారితే దగ్గుతాం. మత్తులో దగ్గు రాదు, కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆపరేషన్‌కు ముందు 6 గంటలు అన్నం, టిఫిన్ వద్దని, 2 గంటలు మంచినీళ్ళు కూడా వద్దని చెప్పేది ఇందుకే. 'ఒక్క ఇడ్లీయేగా' అని దాచకండి.

వింతైన సంగతి మరొకటుంది. ప్రోపోఫాల్ నొప్పిని చంపదు. కత్తి తగిలినప్పుడు మనిషికి తెలియదు గానీ ఒంటికి తెలుస్తుంది. గుండె దడదడలాడుతుంది, బీపీ ఎగుస్తుంది. అందుకే మత్తు ఒక్క మందుతో జరిగే పని కాదు. తెలివి పోవడానికి ఒకటి, నొప్పి కబురు ఆగడానికి ఒకటి, కండలు సడలడానికి మరొకటి. ఇలా కలిపి వాడితే ప్రతి మందూ కాస్త కాస్త చాలు.

ఒళ్ళు చల్లబడటం కూడా ఈ కథలోదే. చేతులు కాళ్ళ రక్తనాళాలు వదులవగానే గుండె దగ్గరి వెచ్చటి రక్తం చర్మం వైపు పరుగెడుతుంది. మొదటి గంటలోనే లోపలి వేడి ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ తగ్గుతుంది. మెలకువ వచ్చాక పళ్ళు టకటకలాడే వణుకు చాలామందికి అనుభవమే.

మరి మధ్యలో మెలకువ వస్తే? ఇది చాలామందికి ఉన్న భయం. బ్రిటన్, ఐర్లండ్ డాక్టర్లు దేశవ్యాప్తంగా లెక్కలు తీసి 2014లో చెప్పినదాని ప్రకారం, అలా జరిగిందని చెప్పినవాళ్ళు సుమారు 19,000 మత్తులకు ఒకరు. కండలు సడలించే మందు ఇచ్చినప్పుడు ఇది ఎక్కువ, ఎందుకంటే మెలకువ వచ్చినా మనిషి వేలు కదపలేడు. అందుకే నుదుటి మీద పట్టీ అంటించి మెదడు తరంగాలను ఒక అంకెగా చూపే మానిటర్లు వచ్చాయి. 100 దగ్గరుంటే పూర్తి మెలకువ, 40 నుంచి 60 మధ్య ఉంటే కోతకు తగ్గ మత్తు.

అందరి కాలువలూ ఒకటి కాదు

కిలోల లెక్కన మందు పోస్తే అందరికీ సరిపోదు. పెద్దవయసు వాళ్ళకు తక్కువ చాలు, పసిపిల్లలకు కిలోకు ఎక్కువ కావాలి. గుండె బలహీనమైతే కాలువ నెమ్మది. మందు తలకు చేరడానికి అర నిమిషం చాలదు. మత్తెక్కలేదని తొందరపడి మరో మోతాదు ఇస్తే రెండూ కలిసి వచ్చిపడతాయి.

రక్తం బాగా పోయినవాడి సంగతి మరీ సున్నితం. కరువులో ఉన్న నీళ్ళన్నీ ఎగువ మడికే మళ్ళించినట్టు, ఒళ్ళు మిగిలిన రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్ళిస్తుంది. మామూలు మోతాదే అక్కడ విషమంత చిక్కనవుతుంది. 1941లో పెర్ల్ హార్బర్ దాడిలో గాయపడ్డవాళ్ళకు థయోపెంటాల్ ఇవ్వడంతో ఎందరో చనిపోయారని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ సంఖ్య పెంచి చెప్పిందేనని తరవాత తేలింది గానీ, గాయపడ్డవాడికి మందు తగ్గించి, నెమ్మదిగా ఇవ్వాలన్న పాఠం మిగిలింది.

పుట్టుకతో వచ్చే తేడాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి తెలుగువాళ్ళ ఇళ్ళలోనే ఉంది. శ్వాసగొట్టం వేయడానికి కండలను క్షణాల్లో సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఉంది. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని అయిదు పది నిమిషాల్లో విరిచేస్తుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఈ ఎంజైము దాదాపు ఉండదు. వాళ్ళకు ఆ మందు పడితే గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. ఆ ఎంజైములో ఒకేఒక్క చోట అణువు మారడమే కారణమని 2006లో కనిపెట్టారు. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఈ మార్పు వాళ్ళలో నిలిచిపోయిందని, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన వివరించింది. ఇది జబ్బు కాదు. ఆ మందు పడనంతవరకూ ఉన్నట్టే తెలియదు. ముందుగా తెలిస్తే వేరే మందు వాడతారు. తెలియక ఇచ్చినా, మందు విరిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచితే మనిషి క్షేమంగా లేస్తాడు. మత్తు డాక్టరు 'మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా?' అని అడిగేది ఊసుపోక కాదు.

ఇదంతా విన్న పిన్నిగారు చీర కొంగు సర్దుకుని, "అయితే ఇంకా కొంత మందు ఒంట్లో ఉందన్నమాట" అంది. నిజమే. మెలకువ వచ్చిన రోజున శివారు పొలాల్లో తడి ఇంకా ఆరదు. కొవ్వులో చేరిన మందు బొట్టు బొట్టుగా రక్తంలోకి దిగుతూ, కాలేయం దగ్గర వంతు కోసం చూస్తూ ఉంటుంది. ఒక రోజంతా బండి నడపొద్దని, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దని డిశ్చార్జ్ చీటీలో రాసేది అందుకే.

"మా తమ్ముడు పొలం కాగితాలు పట్టుకుని సాయంత్రం వస్తానన్నాడు," అంది పిన్నిగారు, ఫోన్ అందుకుంటూ. "రేపు రమ్మని చెబుతా."